దక్షిణాఫ్రికా వీసాకు ‘గ్యారంటీ’ ఇచ్చేదెవరు?

సంపాదకుల వారికి నమస్కారాలు.

మీ పత్రిక శ్రీకాకుళం జిల్లా సంచికలో కొంతకాలంగా దక్షిణాఫ్రికా విహారయాత్రల ప్రకటనలు తరచుగా వస్తున్నాయి. సింహం బొమ్మ, టేబుల్ మౌంటెన్ బొమ్మ వేసి, వాటి కింద ‘వీసా గ్యారంటీ’ అనీ, ‘పాస్‌పోర్టు ఇస్తే చాలు, మిగతాదంతా మేమే చూసుకుంటాం’ అనీ పెద్ద అక్షరాలతో అచ్చవుతున్న ఆ హామీల గురించే ఈ లేఖ రాస్తున్నాను. తమ దేశంలోకి ఎవరిని రానివ్వాలో, ఎంతకాలం ఉండనివ్వాలో తేల్చేది ఆ దేశ ప్రభుత్వం. ఏడు రోడ్ల కూడలిలో గది అద్దెకు తీసుకుని బోర్డు కట్టిన వ్యక్తి చేతిలో ఆ అధికారం లేదు. లేని అధికారాన్ని అమ్మకానికి పెట్టిన ప్రకటనను పత్రిక డబ్బు తీసుకుని అచ్చువేయకూడదన్నది నా మొదటి మాట. ఆ నిబంధనలు ఎవరికీ కొరుకుడుపడనివేమీ కావు, ఓపికగా చదివితే ఇంటర్ చదివిన మనవడైనా తాత తరఫున దరఖాస్తు నింపగలడు కాబట్టి, హామీలకు బదులు ఆ నిబంధనలనే అచ్చువేయాలన్నది రెండో మాట.

ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసిన నాకు ఈ సంగతులతో పరిచయం మా పెన్షనర్ల బృందం వల్ల కలిగింది. కాశీ, రామేశ్వరం, అండమాన్ అన్నీ చూసేశాక కొందరికి ఆఫ్రికా అడవుల మీద మనసు పోయింది. కాగితాలు చదివే ఓపిక ఉన్నవాడినని ఆ పని నాకు అప్పగించారు. ఏజెంట్లు ‘మేము చూసుకుంటాం’ అనే పనుల్లో ఎక్కువ భాగం యాత్రికుడు తానే చూసుకోక తప్పనివని చదువుతూ పోయిన కొద్దీ నాకు తెలిసివచ్చింది. దరఖాస్తు కింద, అందులో రాసినదంతా నిజమేనని ఒప్పుకుంటూ సంతకం చేసేది యాత్రికుడు. ఆ ఫారంలో ఏజెంటు హామీకి చోటు లేదు.

సాధారణ పాస్‌పోర్టు మీద వెళ్లే భారతీయ పర్యాటకుడు ముందుగా అనుమతి పొందిన తరువాతే దక్షిణాఫ్రికాకు బయలుదేరాలి. దౌత్య, అధికారిక పాస్‌పోర్టులు ఉన్నవారికి ఇచ్చిన మినహాయింపు మనకు వర్తించదు. మారిషస్‌కు ముందస్తు వీసా లేకుండా వెళ్లివచ్చిన వారు ఆ పక్కనున్న దేశాలన్నీ అంతేననుకుని ధీమాగా చెబుతుంటారు గానీ, ఒక దేశపు వెసులుబాటు ఇంకో దేశంలో చెల్లదు. అలవాటైన పద్ధతిలో అయితే డీహెచ్‌ఏ-84 అనే ఫారం నింపి, పాస్‌పోర్టు, ఫోటోలు, రానుపోను ప్రయాణ వివరాలు, బస వివరాలు, ఖర్చు భరించే శక్తి ఉందని చూపే బ్యాంకు స్టేట్‌మెంట్లు జతచేసి వీఎఫ్‌ఎస్ గ్లోబల్ కేంద్రంలో ఇవ్వాలి. ఇందుకోసం మనవారు ఆమదాలవలసలో రైలెక్కి హైదరాబాదు వెళ్తుంటారు. ఆ కేంద్రం కాగితాలు తీసుకుని, సరిచూసి, పైకి పంపుతుంది. నిర్ణయం దక్షిణాఫ్రికా ప్రభుత్వ కార్యాలయాలది, అంటే న్యూఢిల్లీలోని హైకమిషన్, ముంబైలోని కాన్సులేట్ జనరల్ వంటి వాటిది. కాగితాలు తీసుకునే కేంద్రానికే లేని అధికారం, అక్కడిదాకా మనల్ని తీసుకెళ్లే ఏజెంటుకు ఎక్కడి నుంచి వస్తుంది?

పాస్‌పోర్టు గడువు విషయంలో ఆ దేశం అడిగేది నిజానికి తక్కువే. మనం తిరిగి బయలుదేరే తేదీ తరువాత కనీసం 30 రోజులు చెల్లుబాటు ఉండాలి, వీసాకూ ముద్రలకూ ఖాళీ పేజీలు ఉండాలి. అయితే నమీబియా, బోట్స్వానా వంటి పొరుగు దేశాలు ఆరు నెలల గడువు అడుగుతాయి కనుక, రెండు దేశాలు కలిపి చూడదలచుకున్నవారు ఆరు నెలల లెక్కే పెట్టుకోవడం మేలు. బ్యాంకు స్టేట్‌మెంట్ల దగ్గర మాత్రం మన ఊళ్లలో ఒక చెడ్డ అలవాటు పాతుకుపోయింది. దరఖాస్తుకు వారం ముందు ఎవరో లక్షలు ఖాతాలో వేయడం, స్టేట్‌మెంట్ తీయగానే వడ్డీతో సహా వెనక్కి తీసుకోవడం ఒక వ్యాపారంగా నడుస్తోంది. నెలంతా పెన్షన్ తప్ప మరో జమ లేని ఖాతాలో ఒక్క రోజున పెద్ద మొత్తం వచ్చి పడితే, దరఖాస్తులు పరిశీలించడమే వృత్తిగా ఉన్న అధికారికి అది కనపడకుండా పోదు. పెన్షన్ ఆర్డరు, ఫిక్స్‌డ్ డిపాజిట్ రసీదులు, పిల్లలు ఖర్చు పెట్టుకుంటే వారి ఉత్తరం, వారి ఖాతా వివరాలు, ఇలా ఉన్నది ఉన్నట్టు చూపించడం కన్నా బలమైన దరఖాస్తు లేదు. నకిలీ వీసాతోనో నకిలీ పాస్‌పోర్టుతోనో పట్టుబడినవారి సంగతైతే మరీ కఠినం. వారిని ఆ దేశ ఇమ్మిగ్రేషన్ చట్టం నిషిద్ధ వ్యక్తులుగా పరిగణిస్తుంది.

వీసా చేతికి వచ్చాక కూడా పని పూర్తయినట్టు కాదు. వీసా ఉండటమంటే ఆ దేశపు విమానాశ్రయం దాకా వెళ్లి లోపలికి రానివ్వమని అడిగే అర్హత ఉండటమనీ, రానివ్వాలా, ఎన్నాళ్లు ఉండనివ్వాలా అన్నది అక్కడి ఇమ్మిగ్రేషన్ అధికారి తేలుస్తారనీ దక్షిణాఫ్రికా హోం వ్యవహారాల శాఖే స్పష్టంగా చెబుతోంది. పర్యాటకులకు సాధారణంగా 90 రోజులకు మించి ఇవ్వరు; ఆ రోజులు వీసా మంజూరైన తేదీ నుంచి కాక, దేశంలో అడుగుపెట్టిన తేదీ నుంచి లెక్కకు వస్తాయి, ఎన్ని రోజులన్నది వీసా చీటీ మీద షరతుల భాగంలో రాసి ఉంటుంది. ‘వీసా మీద డిసెంబరు దాకా తేదీ ఉంది’ అనుకుని షరతుల గడి చదవకుండా ఉండిపోయిన వారికి తిరుగు ప్రయాణంలో, విమానాశ్రయంలోనే శిక్ష ఎదురవుతుంది. 2014 నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం గడువు దాటి 30 రోజుల లోపు ఎక్కువ ఉన్నవారు 12 నెలల పాటు ఆ దేశానికి అవాంఛనీయ వ్యక్తులు, అంటే అన్నాళ్లూ మళ్లీ రానివ్వరు. 24 నెలల్లో రెండోసారి అదే జరిగితే 2 ఏళ్లు. 30 రోజులు దాటి ఉండిపోతే 5 ఏళ్లు. జరిమానా కట్టి బయటపడే పాత పద్ధతి ఇప్పుడు లేదు. ఆస్పత్రిలో ఉండిపోవడం వంటి నిజమైన కారణం ఉంటే 10 పనిదినాల్లోగా విన్నవించుకోవచ్చు, కానీ దానికి ఆధారాలు చేతిలో ఉండాలి.

మా బృందంలో ఎక్కువ చర్చ జరిగినది ఎల్లో ఫీవర్ టీకా మీద. ఒకరు తప్పనిసరి అంటారు, ఇంకొకరు అవసరమే లేదంటారు. ప్రయాణించే దారిని బట్టి ఇద్దరి మాటా నిజమే. మన దేశం ఎల్లో ఫీవర్ ప్రమాదం ఉన్న దేశాల్లో లేదు, దక్షిణాఫ్రికా కూడా లేదు. అందువల్ల దుబాయ్ మీదుగానో దోహా మీదుగానో జొహానెస్‌బర్గ్ వెళ్లివచ్చేవారికి ఆ టీకా పత్రం అక్కరలేదు. అయితే ఇండియా నుంచి దక్షిణాఫ్రికాకు ఇప్పుడు నేరు విమానాలు లేవు. తక్కువ ధర టికెట్లు చాలావరకు ఇథియోపియాలోని ఆడిస్ అబాబా, కెన్యాలోని నైరోబీ మీదుగా ఉంటాయి. ఆ రెండు దేశాలూ ఎల్లో ఫీవర్ జాబితాలో ఉన్నవే. అక్కడి విమానాశ్రయంలో 12 గంటలకు మించి ఆగినా, బయటికి వెళ్లి ఊరు చూసి వచ్చినా, దక్షిణాఫ్రికా అధికారులు టీకా పత్రం అడుగుతారు. ‘మధ్యలో ఒక రాత్రి ఆడిస్ అబాబాలో ఉచిత బస’ అని ప్యాకేజీలో గొప్పగా రాసే ఏజెంటు ఈ సంగతి ఎందుకు రాయడో ఆయనే చెప్పాలి.

అసలు చిక్కు తిరిగివచ్చేటప్పుడు ఉంది. మన దేశం ఈ విషయంలో దక్షిణాఫ్రికా కన్నా కఠినం. దోమల ద్వారా వ్యాపించే ఆ వ్యాధి మన దేశంలో లేదు, దాన్ని మోయగల దోమ మాత్రం మన ఊరూరా ఉంది. వైరస్ ఒకసారి లోపలికి వస్తే ఏమవుతుందోనన్న భయమే ఈ కఠినత్వానికి కారణం, అది న్యాయమైన భయమే. జాబితాలోని దేశం నుంచి వచ్చినవారి దగ్గర, ఆ దేశం మీదుగా వచ్చినవారి దగ్గర టీకా పత్రం లేకపోతే ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో ఉంచే అధికారం మన విమానాశ్రయ ఆరోగ్యాధికారికి ఉంది. విమానాశ్రయం దాటి బయటికి వెళ్లకుండా విమానం మారి వచ్చినవారికి మినహాయింపు ఇవ్వవచ్చు గానీ, అందుకు ఆ అధికారి ఒప్పుకోవాలి. టీకా వేయించుకున్న పదో రోజు నుంచి మాత్రమే పత్రం చెల్లుతుంది కనుక ప్రయాణానికి రెండు రోజుల ముందు పరుగెత్తితే ఫలితం లేదు. ఒకసారి వేయించుకుంటే మాత్రం 2016 జూలై నుంచి జీవితాంతం చెల్లుతోంది. ఈ టీకా ప్రతి ఆస్పత్రిలోనూ వేయరు. ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేసి పసుపు రంగు పుస్తకం ఇస్తారు. మనకు దగ్గరలో విశాఖపట్నం పోర్టు ఆరోగ్య కార్యాలయం, దూరమైతే హైదరాబాదు నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ అలాంటివి. మరో ముఖ్య విషయం, 60 ఏళ్లు దాటినవారికి ఈ టీకా వల్ల తీవ్ర దుష్ప్రభావాలు కలిగే అవకాశం కాస్త ఎక్కువని వైద్యశాస్త్రం చెబుతోంది. గుడ్డు పడనివారూ, రోగనిరోధక శక్తి తగ్గే మందులు వాడేవారూ దీనికి దూరంగా ఉండాలి. పెన్షనర్ల గుంపును ఆడిస్ అబాబా మీదుగా తీసుకెళ్లి, టికెట్ మీద నాలుగు వేలు మిగిలాయని చెప్పడం నా దృష్టిలో పొదుపు కాదు. కాస్త ఎక్కువైనా గల్ఫ్ మీదుగా వెళ్లడమే పెద్దవాళ్లకు క్షేమం.

ప్రకటనల్లో రెండో ఆకర్షణ విక్టోరియా జలపాతం. ఆ జలపాతం దక్షిణాఫ్రికాలో లేదు; జాంబియా, జింబాబ్వేల సరిహద్దులో జాంబేజీ నది మీద ఉంది. ఈ ఒక్క భౌగోళిక సత్యం తెలియకపోవడం వల్ల యాత్ర మధ్యలో తెగిపోయే ప్రమాదం ఉంది. జొహానెస్‌బర్గ్ నుంచి జలపాతానికి వెళ్లి, తిరిగి జొహానెస్‌బర్గ్ వచ్చి ఇండియా విమానం ఎక్కాలంటే దక్షిణాఫ్రికాలోకి రెండుసార్లు ప్రవేశించినట్టే. సింగిల్ ఎంట్రీ వీసా మొదటిసారి దేశం దాటగానే ముగిసిపోతుంది, కాబట్టి దరఖాస్తులోనే మల్టిపుల్ ఎంట్రీ కావాలని అడిగి, ఎందుకో ప్రయాణ పట్టికతో చూపించాలి. నాలుగు వైపులా దక్షిణాఫ్రికాయే చుట్టుకుని ఉన్న లెసోతోకు ఒక పూట కొండలు చూడటానికి వెళ్లినా అదే లెక్క. ఇక ఆ పొరుగు దేశాల వీసా వేరే. జింబాబ్వే 2018లో మన దేశాన్ని సరిహద్దు దగ్గరే వీసా పొందగల దేశాల వర్గంలోకి మార్చింది. ఇతర దేశాలకు ఎవరి పద్ధతి వారిది. నాలుగు దేశాలు ఒకే ధరకు చూపిస్తామన్న ప్రకటనలో ఎన్ని వీసాలు, ఎన్ని ప్రవేశాలు, వాటి రుసుము ఎవరిది అన్నది రాయకపోతే ఆ ధరకు అర్థం లేదు.

పిల్లలను వెంట తీసుకువెళ్లేవారు తెలుసుకోవలసినది మరింత ఉంది. పిల్లల అక్రమ రవాణాను అడ్డుకోవాలన్న ఉద్దేశంతో దక్షిణాఫ్రికా 2015 జూన్ 1 నుంచి 18 ఏళ్ల లోపు వారి ప్రయాణానికి ప్రత్యేక నియమాలు పెట్టింది. పర్యాటకులు తగ్గిపోతున్నారని అక్కడి హోటళ్లవారు మొత్తుకోగా 2019లో కొంత సడలించింది గానీ, మనవంటి వీసా తప్పనిసరి అయిన దేశాల పిల్లలకు ఆ కాగితాలు దరఖాస్తు సమయంలోనే అడుగుతారు. తల్లిదండ్రులిద్దరి పేర్లూ ఉన్న జనన ధ్రువీకరణ పత్రం ఉండాలి. ఒక్కరే తీసుకువెళితే రెండోవారి అంగీకారం తెలిపే అఫిడవిట్, వారు లేకపోతే మరణ ధ్రువీకరణ పత్రం, విడిపోయి ఉంటే కోర్టు ఉత్తర్వు కావాలి. తాతయ్య, నానమ్మ మనవళ్లను తీసుకువెళ్లడం మన ఇళ్లలో మామూలే కదా. అప్పుడు తల్లిదండ్రులిద్దరి అఫిడవిట్లూ, వారి గుర్తింపు పత్రాల నకళ్లూ, వారిని సంప్రదించే వివరాలూ అవసరం. కొడుకు బెంగళూరులో, కోడలు పరీక్షల కోసం పుట్టింట్లో ఉంటే ఇద్దరి సంతకాలు కూడగట్టడానికే వారాలు పట్టవచ్చు.

దీనికితోడు మన జనన పత్రాల స్థితి అందరికీ తెలిసిందే. పల్లెల్లో పుట్టిన చాలామంది పిల్లల పత్రంలో పేరు గడి ఖాళీగా ఉంటుంది, తల్లి పేరు ఇంట్లో పిలిచే పేరుతో ఉంటుంది, ఇంటిపేరు ఒక చోట పొడి అక్షరంగా, మరో చోట పూర్తిగా ఉంటుంది. పాస్‌పోర్టులో ఒక రకంగా, జనన పత్రంలో ఇంకో రకంగా ఉన్న పేర్లు ఒకే మనిషివని మనకు తెలుసు, మన పంచాయతీ కార్యదర్శికి తెలుసు. ప్రిటోరియా నుంచి వచ్చిన అధికారికి తెలియదు. పేరు లేకుండా నమోదైన పిల్లల పేర్లు తరువాత చేర్పించుకునే అవకాశం జనన మరణాల నమోదు చట్టంలోనే ఉంది. ఆ పని పంచాయతీలోనో మునిసిపాలిటీలోనో ముందే చేయించుకున్నాక పాస్‌పోర్టుకు వెళ్లడం సరైన వరస. పాస్‌పోర్టు దిద్దించుకోవాలంటే మన జిల్లాకు విశాఖపట్నం ప్రాంతీయ కార్యాలయమే దిక్కు, వేసవి సెలవుల ముందు అక్కడ రద్దీ ఎలా ఉంటుందో చెప్పనక్కరలేదు.

మంచి మార్పులు కూడా వచ్చాయి, అవీ మన పత్రికల్లో అంతగా కనపడలేదు. దక్షిణాఫ్రికా ప్రభుత్వం 2025 మొదట్లో ఇండియా, చైనాల నుంచి బృందాలుగా వచ్చే పర్యాటకుల కోసం, తాము పరిశీలించి గుర్తించిన టూర్ నిర్వాహకుల ద్వారా వీసాలు త్వరగా ఇచ్చే పథకాన్ని ప్రారంభించింది. అదే ఏడాది చివర్లో ఎలక్ట్రానిక్ ట్రావెల్ ఆథరైజేషన్, అంటే కంప్యూటరు ద్వారానే దరఖాస్తు చేసి అనుమతి పొందే పద్ధతిని మొదలుపెట్టి, మొదటి విడత దేశాల్లో మన దేశాన్ని చేర్చింది. ఈ పద్ధతి స్థిరపడితే హైదరాబాదు రైలు ఎక్కే అవసరమే తగ్గిపోతుంది, శ్రీకాకుళం వంటి దూరపు జిల్లాకు ఇంతకన్నా మేలు ఏముంటుంది! అయితే ఇక్కడా ఒక ఉచ్చు ఉంది. ప్రభుత్వ వెబ్‌సైటు లాగే కనిపించే ప్రైవేటు సైట్లు వెతుకులాటలో ముందు వస్తాయి, రెట్టింపు రుసుము తీసుకుంటాయి, పాస్‌పోర్టు వివరాలు దోచుకుంటాయి. దక్షిణాఫ్రికా ప్రభుత్వ సైట్ల చిరునామా ‘డాట్ జీఓవీ డాట్ జెడ్‌ఏ’ తో ముగుస్తుంది. అలా ముగియని చోట పాస్‌పోర్టు నంబరు ఇవ్వకూడదు. ‘మాకు ఆ గుర్తింపు ఉంది’ అనే నిర్వాహకుణ్ని ఆ పథకం జాబితాలో తన పేరు చూపించమని మొహమాటం లేకుండా అడగాలి.

ఇప్పటివరకు రాసినది విహారానికి వెళ్లేవారి గురించి. ఈ ప్రకటనల అసలు నష్టం వారికి కాదు. సోంపేట, కంచిలి, పలాస, టెక్కలి ప్రాంతాల నుంచి వెల్డింగ్, ఫిట్టింగ్, తాపీ పనులకు దేశాలు పట్టి వెళ్లే యువకులు ఎందరో ఉన్నారు. ‘ముందు టూరిస్టు వీసా మీద వెళ్లు, అక్కడికి వెళ్లాక పని వీసాగా మార్పిస్తాం’ అన్న మాట ఉద్దానం ఊళ్లలో ఎవరిని అడిగినా విన్నామనే అంటారు. దక్షిణాఫ్రికా విషయంలో ఆ మాట చట్టరీత్యా చెల్లదు. పర్యాటకుడిగా వచ్చినవారు దేశం లోపల ఉండి మరో రకం వీసాకు మారడాన్ని ఆ దేశ ఇమ్మిగ్రేషన్ చట్టం అసాధారణ పరిస్థితుల్లో తప్ప ఒప్పుకోదు. పని వీసా కావాలంటే ఇండియాలో ఉండగానే దరఖాస్తు చేసుకోవాలి. పర్యాటక వీసా మీద పని చేయడం నేరం, చేయించుకున్న యజమాని కూలి ఎగ్గొట్టినా ఫిర్యాదు చేసే ధైర్యం ఆ మనిషికి ఉండదు.

దీన్ని ఇంకా ప్రమాదకరం చేసే విషయం ఒకటుంది. పదో తరగతి పాసు కాని వారు పనికి వెళ్లేటప్పుడు ప్రభుత్వ వలస అనుమతి తీసుకోవాలన్న ఈసీఆర్ నిబంధన 18 దేశాలకే వర్తిస్తుంది. గల్ఫ్ దేశాలు, మలేసియా వంటివి ఆ జాబితాలో ఉన్నాయి, దక్షిణాఫ్రికా లేదు. గల్ఫ్‌కు పంపే ఏజెంటు లైసెన్సు గురించి ఇప్పటికే నాలుగు మాటలు విని జాగ్రత్తపడిన కుటుంబాలు కూడా, ఆపి అడిగే అంచె లేని ఈ దారిలో పంపితే ఏ ఇబ్బందీ లేదనుకుంటున్నాయి. విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపే ఎవరికైనా 1983 నాటి వలసల చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి, ఆ ఏజెంట్ల జాబితా కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ సైటులో చూసుకోవచ్చు. విహారయాత్రల బోర్డు పెట్టుకుని ఉద్యోగాల బేరం చేసేవాడికి ఆ జాబితాతో పని ఉండదు.

సాంఘిక శాస్త్రం చెప్పినవాడిని కనుక ఒక పాత సంగతి కూడా రాస్తాను, ఇది విషయానికి దూరం కాదు. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ ఇప్పటి డర్బన్ రేవుకు చేరింది. అది మొదలు 1911 దాకా చెరకు తోటలకు, గనులకు, రైల్వేలకు ఒప్పంద కూలీలుగా ఇండియా నుంచి డర్బన్ ఉన్న నేటాల్ ప్రాంతానికి వెళ్లినవారు 1,52,184 మంది. వారిలోని తెలుగువారిలో గోదావరి, విశాఖపట్నం, గంజాం జిల్లాల వారు చాలామంది. 1936 దాకా మన శ్రీకాకుళం, టెక్కలి, ఇచ్ఛాపురం గంజాం జిల్లాలోనివే. ఓడల జాబితాల్లో కూలీ పేరు, తండ్రి పేరు, జిల్లా, తాలూకా, ఊరు రాసి ఉన్నాయి. దళారులు ఊళ్లు తిరిగి నోటిమాటలతో మనుషులను కూడగట్టడం అప్పుడూ ఉంది. ఒప్పందం ముగిసి అక్కడే ఉండిపోయినవారి మీద 1895లో ఏటా మూడు పౌన్ల పన్ను పెట్టారు. 1897లో, సొంత ఖర్చుతో వచ్చే భారతీయులను ఆపడానికి ఐరోపా భాష ఒకదానిలో దరఖాస్తు రాయగలిగితేనే రానిస్తామన్న చట్టం తెచ్చారు. తరువాత వర్ణవివక్ష కాలంలో మన పాస్‌పోర్టుల మీదే ‘దక్షిణాఫ్రికాకు చెల్లదు’ అన్న ముద్ర ఉండేది. 1993లో దౌత్య సంబంధాలు మళ్లీ మొదలయ్యాకే దారి తెరుచుకుంది. 1931లో ఏర్పడిన ఆంధ్ర మహాసభ ఇప్పటికీ అక్కడ తెలుగును నిలుపుకుంటూ ఉంది. ఆ కుటుంబాల వారు తాతముత్తాతల ఊరు వెతుక్కుంటూ ఇటు వస్తున్నారు, మనమూ పులులకూ సింహాలకూ మాత్రమే కాక ఆ మనుషుల కోసం కూడా అటు వెళ్లవలసిన వాళ్లం. (పులులు ఆఫ్రికా అడవుల్లో లేవని మా బృందంలో ఇద్దరికి చెప్పవలసి వచ్చింది, అది వేరే సంగతి.)

బంధువుల కోసమైనా, తాము తినడానికైనా మనవారు పెట్టెలో పెట్టే వస్తువుల గురించి రెండు మాటలు. తేనె, నెయ్యి, పాల వస్తువులు, మాంసం, మొక్కలు, విత్తనాల వంటివి దక్షిణాఫ్రికాలోకి పర్మిట్ లేకుండా తీసుకుపోరాదు. ఎండుచేపలు, పాలకోవా ఇంటి దగ్గరే వదిలి వెళ్లడం మంచిది. మందులు సొంత వాడకానికి ఒక నెలకు సరిపడా, డాక్టరు చీటీతో సహా ఉంచుకోవాలి. ఉద్దానం కిడ్నీ రోగులున్న జిల్లా మనది. రోజూ మందులు మింగేవారు చీటీలో మందు అసలు పేరు ఇంగ్లీషులో స్పష్టంగా రాయించుకోవాలి. ఆ దేశపు నోట్లు 25,000 ర్యాండ్ల కన్నా ఎక్కువ వెంట ఉంచుకోకూడదు.

సంపాదకుల వారికి నా విన్నపాలు మూడు. ‘వీసా గ్యారంటీ’ అన్న మాట ఉన్న ప్రకటనను తీసుకోవద్దు. విదేశీ యాత్రల ప్రకటన ఇచ్చేవారు ఏ దారిలో విమానం, ఎన్ని ప్రవేశాలు, ఏ కాగితాలు, వీసా రాకపోతే కట్టిన సొమ్ములో ఎంత వెనక్కి ఇస్తారు అన్న నాలుగు వివరాలు అందులోనే రాయాలని మీరు షరతు పెట్టండి. స్థలం చాలదంటే సింహం బొమ్మ కాస్త చిన్నదవుతుంది, అంతే. మూడోది, పాస్‌పోర్టు, వీసా, టీకా, వలస నిబంధనల మీద వారానికొకసారి జిల్లా సంచికలో ఒక శీర్షిక నడపండి, పాఠకుల ప్రశ్నలకు విశాఖపట్నం పాస్‌పోర్టు కార్యాలయం, పోర్టు ఆరోగ్య కార్యాలయం అధికారుల చేత సమాధానాలు రాయించండి. జిల్లా యంత్రాంగం కూడా కలెక్టరేట్‌లో ప్రజల అర్జీలు తీసుకునే రోజున ఏజెంట్ల మీద వచ్చే అర్జీలను విడిగా నమోదు చేసి, విహారయాత్ర పేరుతో పనికి పంపిన ఏజెంట్లను వలసల చట్టం కిందకు తేవాలి. నిబంధనలు మారుతుంటాయి కనుక ఈ లేఖలో రాసినవాటిని కూడా దరఖాస్తు చేసే రోజున ఆ దేశ ప్రభుత్వ సైటులో మరోసారి సరిచూసుకోవలసిందిగా పాఠకులను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
శ్రీకాకుళం.